రోజుకి నూట ఇరవై బంతులు

నోషిరో,
1974 ఏప్రిల్ 21

తమ్ముడు కియోహారుకి,

ఇక్కడ సముద్రపు గాలి ఇంకా తగ్గలేదు. పొద్దున్నే దుకాణం ముందు ఊడ్చి లోపలికి వచ్చేసరికి గుమ్మం నిండా మళ్ళీ ఇసుకే. చెర్రీలు ఇప్పుడిప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి. మీ ఒసాకాలో ఈపాటికి పూసి రాలిపోయి కూడా ఉంటాయి.

కొత్త సంవత్సరానికి నువ్వు పంపిన కార్డులో "క్షేమం" అన్న ఒక్క ముక్కే ఉంది. ఆ ముక్కతోనే నాలుగు నెలలు గడిపాను. ఆటలు మొదలై రెండు వారాలైంది. సాయంత్రం కాగానే దుకాణంలో రేడియో పెడుతున్నాను. మీ బేస్‌బాల్ జట్టు ఆట గరగరల మధ్య వస్తుంది. బంతి విసిరే పిచర్ పేరు చెప్పినప్పుడల్లా చేతిలో కత్తెర ఆపి వింటాను. ఒక్కసారైనా నీ ఇంటిపేరు "తొగాషి" అనడే!

మొన్న రంపపు మిల్లు సగావా గారు గడ్డానికి వచ్చారు. ముఖం మీద వేడి తువ్వాలు ఉన్నా ఆయన నోరు ఊరుకోదు కదా. "ఏమ్మా ఫుసాయె, మీవాడి పేరు ఈ ఏడాది రేడియోవాడు మింగేశాడేంటి?" అన్నారు. "కదలకండి, చెవి తెగుద్ది" అన్నారు మీ బావ. అంతటితో ఆ మాట ఆగింది గానీ నా మనసులో ఆగలేదు.

అమ్మ పోయేనాటికి నీకు ఎనిమిదేళ్ళు, నాకు పద్దెనిమిది. నీ జ్వరాలూ నీ అబద్ధాలూ అప్పటినుంచీ నాకు ముఖం చూస్తే తెలుస్తాయి. ఇప్పుడు ముఖం చూసే వీలు లేదు. అందుకే అడుగుతున్నాను: మోచెయ్యి మళ్ళీ నొప్పి పెడుతోందా? కోచ్‌తో ఏమైనా మాటా మాటా వచ్చిందా? తొమ్మిది ఆటలు గెలిచిన పిచర్‌ని ఊరికే కూర్చోబెట్టరు కదా.

మీ బావ నిన్ను అడిగానని రాయమన్నారు. అంటే నోటితో అనలేదు, తలాడించారు. ఆయన సంగతి నీకు తెలిసిందేగా.

అక్క
ఫుసాయె


ఒసాకా,
మే 9

అక్కకి,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. గది మారే హడావుడిలో ఉన్నాను. జట్టు హాస్టల్ ఖాళీ చేసి, స్టేడియానికి దగ్గర్లో బట్టలుతికే దుకాణం పైన ఒక గది తీసుకున్నాను. కింద రోజంతా ఇస్త్రీ ఆవిరి. చలికాలంలో హాయిగా ఉంటుందన్నాడు ఇంటాయన. ఎండాకాలం ఎలా ఉంటుందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మోచెయ్యి బాగానే ఉంది. ఎవరితోనూ గొడవ లేదు. ఇదివరకు ఐదారు రోజులకోసారి విసిరేవాణ్ణి. ఇప్పుడు ఆట ఉన్న ప్రతిరోజూ విసురుతున్నాను, రోజుకి నూట ఇరవై బంతులు. మా జట్టులో అందరికన్నా పెద్ద బ్యాటర్ తెరాగూచి గారు ఈ మధ్య నన్నే అడిగి పిలిపించుకుంటున్నారు. కాబట్టి నాకు పని లేదని బెంగపెట్టుకోకు.

ఇంకో మాట. రేడియో కోసం చేతిలో పని ఆపకు. నా పేరు వినపడకపోతే ఏదో అయిపోయిందని కాదు.

ఇక్కడి ఊరగాయలు చప్పగా ఉంటాయి. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ ఉంటే పంపు. బావకి నమస్కారాలు.

కియోహారు


నోషిరో,
మే 30

కియోకి,

నీ ఉత్తరం దుకాణంలో పైకి చదివాను. చదవకూడదేమో, కానీ సంతోషం పట్టలేకపోయాను. "రోజుకి నూట ఇరవై" అనగానే సగావా గారు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. సగం గడ్డం సబ్బుతో అలాగే ఉంది. "చూశారా, అదీ సంగతి! వాణ్ణి దాచిపెడుతున్నారు. అవతలి జట్లకి చూపించకుండా లోపల పదును పెడుతున్నారు. పెద్ద బ్యాటర్‌కే రోజూ వేయిస్తున్నారంటే ఇంకేం కావాలి?" అన్నారు. పోస్టాఫీసు ఆయన కూడా అవునన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. రేడియో పట్టించుకోవద్దని నువ్వెందుకు రాశావో అప్పుడర్థమైంది. రహస్యం కదా!

అసలు వార్త ఇది. జూలై ఆరో తారీకు శనివారం మీ జట్టు అకితాకి వచ్చి ఒక ఆట ఆడుతుందట. పేపర్లో వేశారు. మన వీధి నుంచి పద్నాలుగుమందిమి బయల్దేరుతున్నాం. సగావా గారి భార్య పాత దుప్పటి గుడ్డ మీద నీ పేరు ఎర్ర సిరాతో రాస్తోంది. అక్షరాలు మనిషంత ఉన్నాయి.

నీ ఆట నేను కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. స్కూలు రోజుల్లో శనాదివారాలు దుకాణం వదిలి రావడం కుదిరేది కాదు. ఈసారి మీ బావ, "నేను చూసుకుంటాలే, వెళ్ళు" అన్నారు. అన్నారంటే నిజంగా నోరు తెరిచి అన్నారు.

ఊరగాయ అప్పుడు చేతికే ఇస్తాను.

అక్క


ఒసాకా,
జూన్ 17

అక్కకి,

అకితాకి రావద్దు. ఆ రోజు నేను మైదానంలోకి దిగుతానని నమ్మకం లేదు. అంతమందిని అంత దూరం తీసుకురావడం బాగుండదు. ఆ గుడ్డ సంగతి కూడా వద్దని చెప్పు. ఈసారికి నా మాట విను.

ఇక్కడ వానలు. గదిలో గోడలు చెమ్మగిల్లాయి.

కియోహారు


నోషిరో,
జూలై 9

కియోహారుకి,

నీ జూన్ ఉత్తరం చూసి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. రంపపు పొట్టు అంటిన మనుషులూ, క్షవరం దుకాణం అక్కా నీ జట్టువాళ్ళ ముందు కనిపిస్తే నామోషీ అనుకున్నావని. అనుకున్నది రాసేశాను, తప్పయితే క్షమించు.

అయినా వచ్చాను. మిగతావాళ్ళు మధ్యాహ్నం రైలుకి రావాలి. నేను ముందు బండికే బయల్దేరాను. ఊరగాయ డబ్బా నీ చేతికిచ్చి, కాసేపు నీ ముఖం చూద్దామని. మైదానం తలుపులు తీసే ఉన్నాయి. లోపల మీవాళ్ళు అప్పుడే మొదలుపెట్టేశారు. మధ్యలో మట్టిదిబ్బ మీద నువ్వు. దూరం నుంచే గుర్తుపట్టాను, చెయ్యెత్తే ముందు ఎడమ భుజం దించుతావు కదా.

నువ్వు విసిరావు. వాడు కొట్టాడు. మళ్ళీ విసిరావు, మళ్ళీ కొట్టాడు. ఒకడు వెళ్ళి ఇంకొకడు వచ్చాడు. వాడూ కొట్టాడు. ఇరవై నిమిషాలు నిలబడి చూశాను. ఒక్క బంతి కూడా బ్యాట్ తప్పించుకోలేదు. కొట్టినవి నీ ముఖానికి తగులుతాయని కాబోలు నీ ముందు ఒక వల కూడా నిలబెట్టారు. ఆ వల చూశాక డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగాను. పాపం, మనిషిని అంత అవమానం చేసి, దెబ్బ తగలకుండా అడ్డం పెట్టడం ఏమిటి? నువ్వేమో తల వంచుకుని బుట్టలోంచి ఇంకో బంతి తీస్తున్నావు.

నేను స్టేషన్‌కి తిరిగొచ్చాను. మనవాళ్ళు రైలు దిగుతుంటే కడుపునొప్పని చెప్పి ఇంటికి వచ్చేశాను. వాళ్ళు వెళ్ళారు. ఆట మొత్తం చూసినా నువ్వు కనపడలేదన్నారు. నేను చూసింది ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడూ, ఇంటికి వచ్చెయ్. చెయ్యి పోతే పోయింది. దుకాణంలో రెండో కుర్చీ ఖాళీగానే ఉంది, పని మీ బావ నేర్పుతారు. ఎవరూ ఏమీ అనరు, అననివ్వను.

ఊరగాయ తిరిగి తెచ్చేశాను. మీ బావ తినేశారు.

అక్క


ఒసాకా,
జూలై 21

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వు రాలేదు. మూడోసారి చదివి, కిందికి వెళ్ళి ఇంటాయన దగ్గర ఈ కాగితాలు అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు అంతా రాస్తాను.

నేను ఇప్పుడు ఆటగాణ్ణి కాను. పోయిన అక్టోబరులో జట్టు ఆఫీసుకి పిలిచి, వచ్చే ఏడాదికి ఒప్పందం లేదన్నారు. మోచెయ్యి అతికినా వేగం తిరిగి రాలేదు. లేచి రాబోతుంటే, "ప్రాక్టీసు పిచర్‌గా ఉంటావా?" అని అడిగారు. ఆట మొదలయ్యే ముందు మన బ్యాటర్లు చెయ్యి సాగదీసుకోవడానికి ఒకడు బంతులు వెయ్యాలి. వాళ్ళు కొట్టేటట్టే వెయ్యాలి. అదే ఆ పని. నువ్వు అకితాలో చూసింది అదే. ఆ వల అందరి ముందూ పెడతారు. ఆ రోజు అన్నీ కొట్టారని రాశావు చూడు, ఈ ఏడాది నేను బాగా వేసిన రోజుల్లో అదొకటి.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పడానికి నోరు రాలేదు. స్కూల్లో ఉన్నప్పటినుంచీ నేను నేర్చుకున్నదంతా బ్యాట్‌కి అందకుండా వెయ్యడం. ఇప్పుడు అందేలా వేస్తున్నానని నీకెలా రాయను? అందుకే నిజమే రాశాను గానీ సగమే రాశాను. నూట ఇరవై నిజం. తెరాగూచి గారు పిలవడమూ నిజం.

కానీ అదీ వెంటనే రాలేదక్కా. ఫిబ్రవరి శిక్షణ శిబిరంలో మొదటి రోజు, కొట్టడానికి వీలుగా వెయ్యమంటే నా చేతికి అర్థం కాలేదు. బంతి వేళ్ళలోంచి ఎప్పుడు వదలాలో మర్చిపోయింది. ఒకటి నేలకి, ఒకటి వాళ్ళ తల పైకి. ఒక బ్యాటర్ మూడు బంతులు చూసి, "నాకితను వద్దు, ఇంకెవర్నైనా పంపండి" అని బ్యాట్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు నా బంతి తెరాగూచి గారి మోచేతికి తగిలింది. జట్టంతా ఆగిపోయింది. నేను టోపీ తీసి నిలబడ్డాను. ఆయన చెయ్యి రుద్దుకుని మళ్ళీ నిలబడి, "ఇంకోటి వెయ్యి" అన్నారు. నేను వెయ్యలేకపోయాను.

మాలో పెద్దాయన ఇవసె గారని ఉన్నారు. నలభై ఒక్క ఏళ్ళు, పదకొండేళ్ళుగా ఇదే పని. ఆయన అన్నారు: "నువ్వింకా వాణ్ణి ఔట్ చేద్దామనే చూస్తున్నావురా. వాడు నీ శత్రువు కాదు. వాడికి సాయంత్రం కావలసిన బంతి ఏదో కనుక్కుని అది వెయ్యి." వినడానికి తేలికే. మర్నాటినుంచి తెరాగూచి గారు అందరికన్నా గంట ముందు వచ్చి, బ్యాట్ ఊపకుండా నా బంతుల ముందు ఊరికే నిలబడేవారు. "నాకూ కళ్ళు అలవాటు కావాలిలే" అనేవారు. పది రోజులు అలా నిలబడ్డారు. ఆయన కళ్ళకి అలవాటు అక్కర్లేదని నాకు తెలుసు. పదకొండో రోజు ఊపారు.

ఆ సాయంత్రం అకితాలో నేను లోపలి దారిలో బంతులు బుట్టల్లో సర్దుతూ ఆ గుడ్డ చూశాను. మనిషంత అక్షరాలు. నువ్వూ దాని వెనకే ఉన్నావనుకున్నాను. ఆట అయ్యాక స్టేషన్‌కి పరిగెత్తాను. రైలు వెళ్ళిపోయింది. వద్దన్నా వచ్చి, నన్ను పలకరించకుండా వెళ్ళిపోయావని ఇన్నాళ్ళూ కష్టపెట్టుకున్నాను. నువ్వేమో అప్పటికే ఇంట్లో ఉన్నావు.

నామోషీ పడ్డాననడం నిజం. మీ గురించి కాదు.

కియోహారు


నోషిరో,
ఆగస్టు 26

కియోకి,

నీ ఉత్తరం దాచిపెట్టాను, దుకాణంలో చదవలేదు. అబద్ధం చెప్పినందుకు కోపం ఉంది. దాని గురించి తర్వాత.

ముందు మంచి మాట. కలప కంపెనీ మేనేజరు ఇబా గారు నీకు గుర్తుండే ఉంటారు. ఆ కంపెనీకి సొంత బేస్‌బాల్ జట్టుంది, జిల్లా పోటీలకి వెళుతుంది. పోయిన వారం ఆయన జుట్టు కత్తిరిస్తూ అడిగాను. మర్నాడు ఆఫీసుకి కూడా వెళ్ళి తల వంచి అడిగాను. "తొగాషి వస్తానంటే వద్దంటామా? పగలు ఆఫీసులో పని, ఆదివారాలు మా పిచర్" అన్నారు. అసలైన పిచర్, కియో! వీపు మీద నంబరుతో, నువ్వు వేస్తే వాళ్ళు కొట్టలేకపోయే ఆట. జిల్లా బ్యాటర్లకి నీ ఇప్పటి వేగం చాలు.

అక్టోబరు నుంచి వస్తాడని మాటిచ్చేశాను. నిన్ను అడక్కుండా ఇచ్చాను, నిజమే. అడిగితే ఆలోచిస్తానంటావు.

అక్క


ఒసాకా,
సెప్టెంబర్ 12

అక్కకి,

నేను రాను.

కారణాలు చాలా రాసి చింపేశాను. పూర్తి వేగంతో వేస్తే మోచెయ్యి జిల్లా ఆటలకి కూడా నెలరోజులు నిలవదన్నది ఒకటి. అది నిజమే గానీ అసలు కారణం కాదు. ఆగస్టులో తెరాగూచి గారికి బ్యాట్ ఆడలేదు. పద్దెనిమిది రోజులు. పేపర్లవాళ్ళు ముసలాడైపోయాడని రాశారు. ఆయన నాతో, "బయటి పక్క, తక్కువ ఎత్తులో, అరవై వెయ్యి" అన్నారు. రోజూ అరవై వేశాను. పోయిన ఆదివారం చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో సరిగ్గా అలాంటి బంతినే జనంలోకి కొట్టారు. నేను చూడలేదు. లోపల భుజానికి ఐసు కట్టుకుని ఉన్నాను. అరుపు వినపడింది. ఆయన అటుగా పోతూ ఆగి, "అదే బంతి" అన్నారు. అంతే.

తొమ్మిది ఆటలు గెలిచాను కదా, ఆ తొమ్మిదింటిలో ఏ రోజూ నాకు అంత తృప్తిగా లేదు. ఇది నీకు వింతగా ఉంటుంది. నాకూ వింతగానే ఉంది.

ఇబా గారి ముందు నీ మాట పోయింది. దానికి నేనేం చెయ్యగలనో తెలియడం లేదు. నేనే వచ్చి ఆయనకి క్షమాపణ చెప్పమంటే వస్తాను.

కియోహారు


నోషిరో,
1975 ఏప్రిల్ 3

కియోహారుకి,

ఆరు నెలలు రాయలేదు. నువ్వు పంపిన రెండు కార్డులూ అందాయి. చలికాలమంతా నాలో నేనే నీతో పోట్లాడుకుంటూ గడిపాను.

ఇబా గారు జుట్టుకి ఎదురు వీధి దుకాణానికి వెళ్తున్నారు. వాళ్ళు వెనకపక్క హెచ్చుతగ్గులుగా కత్తిరిస్తున్నారు, దూరం నుంచే కనిపిస్తోంది. నువ్వు క్షమాపణ చెప్పక్కర్లేదు. నేనే వెళ్ళి చెప్పొచ్చాను.

పోయిన నెల ఒకరోజు కత్తులు నూరుతూ మీ బావ తలెత్తకుండా అన్నారు: "వాడు సిగ్గుపడే నీకు చెప్పలేదు. నువ్వూ సిగ్గుపడే ఇబా గారి దగ్గరకెళ్ళావు. ఇద్దరూ ఒకటే." పదహారేళ్ళ కాపురంలో ఆయన ఇంత పొడుగు మాట అనడం ఇదే మొదలు. నాకు చాలా కోపం వచ్చింది. మూడు రోజుల తర్వాత దుకాణంలో అందరికీ నీ పనేమిటో ఉన్నదున్నట్టు చెప్పేశాను. సగావా గారు, "అయితే కొట్టించుకున్నందుకు జీతమా? ముప్పై ఏళ్ళుగా మా ఆవిడ చేత నేను ఊరికే కొట్టించుకుంటున్నానే!" అన్నారు. పోస్టాఫీసు ఆయన నవ్వి నవ్వి కత్తి తగిలించుకున్నాడు. గడ్డం మీద చిన్న గాటు.

మే నెల పదహారున క్యోటోలో క్షవరం పనివాళ్ళ సంఘం సభ ఉంది. మీ బావ తన బదులు నన్ను వెళ్ళమన్నారు. మర్నాడు ఒసాకా వస్తాను. నన్ను లోపలికి రానిచ్చే ఏర్పాటు చెయ్యి. ఈసారి చెప్పి వస్తున్నాను.

అక్క


ఒసాకా,
మే 19

అక్కకి,

క్షేమంగా చేరావని తలుస్తాను. ఊరగాయ ఇవసె గారికి కూడా పెట్టాను. ఉప్పెక్కువంటూనే మూడు ముక్కలు తిన్నారు.

ఒక్కటి అడగాలి. మధ్యాహ్నం నిన్ను స్టేడియం గేటు కాపలా ఆయనకి అప్పగించి నా పనిలో పడ్డాను కదా. రాత్రి రైలుకి టైముందని ఆటకి మంచి సీటు కూడా ఇప్పించాను. బంతులు సర్ది, ఐసు కట్టుకుని, రెండో ఇన్నింగ్స్‌కి వచ్చి పైకి చూస్తే నీ సీటు ఖాళీగా ఉంది. తర్వాత కూడా రెండుసార్లు చూశాను. ఒంట్లో బాగాలేదా? లేక చూసింది నచ్చక లేచిపోయావా? ఏదైనా ఉన్నదున్నట్టు రాయి. ఇంకో ఏడాది పాటు ఊహించుకుంటూ కూర్చోలేను.

ఆ ఆట మనమే గెలిచాం. తెరాగూచి గారు రెండు మంచి దెబ్బలు కొట్టారు.

కియోహారు


నోషిరో,
మే 27

కియోకి,

ఒంట్లో బాగానే ఉంది. కోపమూ లేదు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

రెండు గంటల నుంచీ కూర్చున్నాను. అంత పెద్ద చోట నేనొక్కదాన్నే. కాపలా ఆయన కింద వేసుకోవడానికి తన మెత్త తెచ్చిచ్చాడు. ముందు ఇవసె గారు వేశారు, తర్వాత నువ్వు వచ్చావు. అకితాలో నేను బ్యాటర్లనే చూశాను. ఈసారి నిన్ను చూశాను. నీ ముందు కాలు ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. నువ్వు దిగిపోయేసరికి అక్కడ గిన్నెంత గుంట పడింది. తెరాగూచి గారు ఒక బంతి కొట్టకుండా వదిలేశారు. నువ్వు టోపీ తీసి తల వంచావు. మరుసటిది వేశావు, కొట్టారు. ఆ చప్పుడు రేడియోలో ఎప్పుడూ అలా వినలేదు. పొడి కొయ్య చీలినట్టు, శుభ్రంగా. ఎన్నని రాయను, నూట పది దాకా లెక్కపెట్టి మర్చిపోయాను. అయిపోయాక ఆయన నీ వైపు తిరిగి టోపీ తీశారు. నువ్వు చూడలేదు, బుట్ట మీద వంగి ఉన్నావు. అందుకే నీకు చెబుతున్నాను. తీశారు.

తర్వాత జనం వచ్చారు. దీపాలు వెలిగాయి, బాకాలు మోగాయి, పేర్లు చదివారు. నా పక్కన బీరు గ్లాసుతో ఒకాయన కూర్చుని, "మీవాళ్ళెవరైనా ఆడుతున్నారా?" అని అడిగాడు. "ఆడేశాడండీ" అన్నాను. అర్థం కాలేదు ఆయనకి. ఆట మొదలైంది. ఎవరో పిచర్ వేస్తున్నాడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఒక ఇన్నింగ్స్ చూశాను. నా కళ్ళు మాటిమాటికీ నువ్వు వెళ్ళిన దారివైపే పోతున్నాయి. లేచాను.

గేటు దగ్గర కాపలా ఆయనకి మెత్త తిరిగిచ్చేశాను. "ఇప్పుడేగా మొదలైంది, అప్పుడే వెళ్ళిపోతున్నారేంటమ్మా?" అన్నాడు.

"నేను చూడ్డానికొచ్చింది చూసేశాను బాబూ" అన్నాను. "మావాడు ఇవాళ చాలా బాగా వేశాడు."

అక్క
ఫుసాయె